సీసపు గుండు కొలత

చరిత్రలో పెద్ద సంఘటనల వెనుక ఒక్కొక్కప్పుడు అతి చిన్న కొలతలు కానవచ్చును. 1857 నాటి తూటా కథను మనమా దృష్టితో చూతము.

కుంపిణీ సిపాయి పాత తుపాకి గొట్టపు లోవ్యాసము 0.75 అంగుళము, అందు వేయు సీసపు గుండు సుమారు 0.69. అది సులభముగా జారెడిది, గురి మాత్రము తక్కువ. కొత్త ఎన్‌ఫీల్డు గొట్టము 0.577 అంగుళము, లోపల మెలితిరిగిన గాడులు. గుండు అంతకంటె కొంచెమే చిన్నది. పేలినపుడు వ్యాకోచించి గాడులను పట్టుకొనును. అది బిగువుగా దిగుటకై, మందును గుండును చుట్టిన కాగితమునకు కొవ్వు, మైనము పూసిరి. ఆ కాగితమును సిపాయి పంటితో కొరికి విప్పవలెను.

ఆ పూత మన ఎండలకు నిలుచునా? పరీక్షకై 1853లో కొన్ని తూటాలను భారతదేశమునకు పంపిరి. సిపాయిలు ఆ కొవ్వును శంకింతురని కర్నల్ టక్కర్ అప్పుడే హెచ్చరించెను. ఆ మాట చెవికెక్కలేదు. 1857 జనవరిలో అది ఆవు, పంది కొవ్వను వదంతి దమ్‌దమ్‌లో పుట్టెను; మే 10న మీరటు భగ్గుమనెను.

తిరుగుబాటునకు కారణములు వేరెన్నియో కలవు. అయినను గుండు గొట్టమునకు సరిపోవునా యని అంగుళములో వెయ్యవ వంతు వరకు కొలిచినవారు, తూటా సిపాయి మనస్సునకు సరిపోవునా యని కొలువరైరి.