ఫాక్‌లాండ్ రోడ్డు నుంచి విజ్ఞాన సర్వస్వం దాకా



నిజామాబాదులోనో, బాసరలోనో, ధర్మాబాదులోనో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బొంబాయికి వెళ్ళిన వాళ్ళు మన జిల్లాల్లో ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. తెల్లవారి దాదరులో దిగి, లోకల్ బండి మారి, గ్రాంట్ రోడ్ స్టేషనులో బయటికి వస్తే ఫాక్‌లాండ్ రోడ్డు ఎంతో దూరం లేదు. దాని పక్కనే కామాటిపుర. మరాఠీలో కామాఠీపురా అంటారు. ఆ చాళ్ళలో బంధువులున్న కుటుంబాలు మన వైపు చాలా ఉన్నాయి. అయితే ఊరికి వచ్చినప్పుడు "బొంబాయిలో ఎక్కడుంటావు?" అని ఎవరైనా అడిగితే, ఆ పేటవాళ్ళు "బొంబాయి సెంట్రల్ దగ్గర" అని మాట దాటవేయడం కూడా మనకు తెలిసిందే. పేట పేరు చెబితే వినేవాడి ముఖంలో ఏం కనిపిస్తుందో వాళ్ళకు ముందే తెలుసు.

ఒక పేరు వినగానే మనసు ఎక్కడికి వెళుతుంది? ఆ దారిని ఎవరు వేశారు? ఈ ప్రశ్నలతోనే ఈనాటి ప్రసంగం మొదలుపెడుతున్నాను. కంప్యూటరులో చదివే విజ్ఞాన సర్వస్వాలు వచ్చాక, ఒక మాట నుంచి ఇంకో మాటకు దారి వేయడం అనేది కొందరు స్వచ్ఛందంగా, జీతం బత్తెం లేకుండా చేసే పనిగా మారింది. దాన్నే లింకు అంటున్నాం.

ముందుగా ఈ పని పాతదే అని చెప్పుకోవాలి. 1751లో ఫ్రాన్సులో దిదెరో, దాలంబేర్‌లు తమ మహా విజ్ఞాన సర్వస్వాన్ని వెలువరించడం మొదలుపెట్టినప్పుడు, వ్యాసాల్లో "ఫలానా మాట చూడుడు" అని సూచనలు పెట్టారు. నరమాంస భక్షణ గురించిన వ్యాసం చివర, చర్చిలో ప్రసాదం తీసుకునే క్రతువు మీది వ్యాసాన్ని చూడమన్నారు. వ్యాసంలో పైకి అనలేని మాటను ఆ సూచన అనేసింది. కనుక ఏ మాటను ఏ మాటతో కలుపుతున్నామన్నదే ఒక అభిప్రాయం అవుతుంది.

మన తెలుగులో ఈ బాట వేసినవారు కొమర్రాజు లక్ష్మణరావు గారు. కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టి, నాగపూరులో చదివి, మరాఠీలో కూడా రచనలు చేసిన పండితుడాయన. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని నెలకొల్పారు. 1912-13 ప్రాంతంలో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పని ప్రారంభించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, ఆచంట లక్ష్మీపతి, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటివారు ఆ పనిలో చేయి కలిపారు. మూడు సంపుటాలు వచ్చినా అకారం కూడా దాటలేదు. 1923లో లక్ష్మణరావు గారు కన్నుమూశారు. ఆ తరువాత ఆ బరువును తలకెత్తుకున్నది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. ఇక్కడ మన కథ మళ్ళీ బొంబాయికి వస్తుంది. నాగేశ్వరరావు గారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టింది బొంబాయిలోనే. 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించింది కూడా అక్కడే. 1914లో అది మద్రాసుకు వెళ్ళి దినపత్రిక అయింది. అంటే తెలుగు విజ్ఞాన సర్వస్వానికి ఆసరా అయిన డబ్బుకు, పట్టుదలకు మూలం బొంబాయి నగరంలో ఉందన్నమాట.

అదే కాలంలో, 1920లలో, మరాఠీలో శ్రీధర్ వ్యంకటేశ్ కేత్కర్ 23 సంపుటాల జ్ఞానకోశాన్ని పూర్తిచేశారు. రెండు భాషలు పక్కపక్కనే ఉన్నాయి. రెండింటిలోనూ మహాకార్యాలు జరిగాయి. కానీ అచ్చు పుస్తకంలో తెలుగు వ్యాసం నుంచి మరాఠీ వ్యాసానికి దారి ఉండదు. రెండూ తెలిసిన మనిషే ఆ దారి.

ఇక ఈ కాలానికి వద్దాం. 2001 జనవరిలో వికీపీడియా ఇంగ్లీషులో మొదలైంది. వికీ అంటే హవాయి దీవుల భాషలో త్వరగా అని అర్థం. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు అన్నది దాని సూత్రం. 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున గారి చొరవతో తెలుగు వికీపీడియా ఆరంభమైంది. తెలుగు అక్షరాలను కంప్యూటరులో రాయడానికే తంటాలు పడుతున్న రోజులవి. తొలి రెండేళ్ళు పని మందకొడిగా సాగినా, తరువాత పుంజుకుంది. ఈనాడు వ్యాసాల సంఖ్య లక్ష దాటింది. దశాబ్ది సందర్భంగా 2014లో విజయవాడలో సభ జరిపి, కృషి చేసిన సభ్యులకు ఇచ్చిన పురస్కారానికి కొమర్రాజు లక్ష్మణరావు పేరే పెట్టుకున్నారు. పాత పనికీ కొత్త పనికీ ఉన్న బంధుత్వాన్ని వాళ్ళు మరచిపోలేదు.

ఈ సభ్యులు చేసే లింకుల పని ఎలా ఉంటుందో కొంచెం వివరిస్తాను. వ్యాసంలో ఒక మాట చుట్టూ రెండేసి చదరపు బ్రాకెట్లు పెడితే అది లింకు అవుతుంది. ఆ పేరుతో వ్యాసం ఉంటే మాట నీలంగా కనిపిస్తుంది. లేకపోతే ఎర్రగా కనిపిస్తుంది. ఎర్ర లింకు తప్పు కాదు. "ఇక్కడ ఒక వ్యాసం రావలసి ఉంది, ఎవరైనా పూనుకోండి" అని ఒకరు ఇంకొకరికి వదిలిన కబురు అది. ఏ వ్యాసం నుంచీ దారి లేని పేజీని అనాథ పేజీ అంటారు. పేజీ ఉంటుంది, కానీ ఎవరూ అటు రారు. అటువంటివాటిని వెతికి, ఎక్కడెక్కడ ప్రస్తావన ఉందో చూసి, దారులు కలపడమే పనిగా పెట్టుకున్న సభ్యులున్నారు. అభిప్రాయ భేదం వస్తే వ్యాసం వెనుక చర్చా పేజీ ఉంది. అందరికీ సంబంధించిన విషయమైతే రచ్చబండ అనే చోట మాట్లాడుకుంటారు. పేరు చూడండి, మన ఊరి మధ్య చెట్టు కింద గద్దెను కంప్యూటరులోకి తెచ్చుకున్నారు.

ఈ పని ఎంత ఓపిక కోరుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి. ఆదిలాబాదు నాలుగుగా విడిపోయింది. అంతవరకు ఆదిలాబాదు జిల్లా బాసర అని ఉన్నది నిర్మల్ జిల్లా బాసర అయింది. వేలాది గ్రామాల పేజీల్లో జిల్లా పేరు, మండలం పేరు, వాటి లింకులు సరిచూడవలసి వచ్చింది. పైగా రామాపురం, కొత్తపల్లి వంటి పేర్లతో పదుల కొద్దీ ఊళ్ళున్నాయి. ఏ కొత్తపల్లి ఏ మండలానిదో తేల్చుకోకుండా లింకు పెడితే, ఒక ఊరి చరిత్ర ఇంకో ఊరికి అంటుకుంటుంది.

భాషల మధ్య లింకుల సంగతి ఇంకా ఆసక్తికరం. మొదట్లో తెలుగు వ్యాసం అడుగున మరాఠీ, హిందీ, ఇంగ్లీషు వ్యాసాల పేర్లను విడివిడిగా రాయవలసి వచ్చేది. ఒక భాషలో పేరు మారితే మిగతా అన్ని భాషల్లోనూ దిద్దాలి. 2012లో వికీడేటా అనే ఉమ్మడి ఖాతా వచ్చింది. 2013 మార్చి నుంచి తెలుగుతో సహా అన్ని భాషల వికీపీడియాలకూ ఈ లింకులు ఒక్కచోట నుంచే అందుతున్నాయి. అయితే తెలుగులోని ఈ మనిషీ మరాఠీలోని ఆ మనిషీ ఒకరేనని గుర్తించవలసింది యంత్రం కాదు, రెండు భాషలూ తెలిసిన మనిషే.

ఇప్పుడు ఫాక్‌లాండ్ రోడ్డుకే ఈ పద్ధతిని అన్వయించి చూద్దాం. ఫాక్‌లాండ్ అనగానే చాలామందికి 1982లో బ్రిటన్, అర్జెంటీనాలు యుద్ధం చేసిన దీవులు గుర్తుకొస్తాయి. తొందరపడి లింకు అటు పెడితే తప్పు. ఈ రోడ్డు పేరు 1848 నుంచి 1853 దాకా బొంబాయి గవర్నరుగా ఉన్న పదో ఫాక్‌లాండ్ ప్రభువుది. బోరీబందరు నుంచి ఠాణాకు మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది ఆయన హయాంలోనే, 1853 ఏప్రిల్ 16న. దీవుల పేరు అదే వంశంలోని అయిదో ప్రభువు నుంచి వచ్చింది. కాబట్టి రెండూ ఒకటి కావు, చుట్టరికం మాత్రం ఉంది. ఆ తరువాత ఈ రోడ్డుకు పఠే బాపూరావు మార్గం అని పేరు మార్చారు. ఆయన లావణీ, తమాషా కళలకు ప్రాణం పోసిన మరాఠీ కవి. 1945లో మరణించాడు. పాత పేరుతో వెతికేవాణ్ణి కొత్త పేరు దగ్గరికి చేర్చడాన్ని వికీలో దారిమార్పు అంటారు.

పక్కనున్న కామాటిపుర సంగతి మరింత లోతైనది. బొంబాయి ఒకప్పుడు ఏడు దీవులు. హార్న్‌బీ గవర్నరుగా ఉన్న కాలంలో, 1784 ప్రాంతాన, వర్లీ వైపు సముద్రం నీరు చొరబడే గండిని కట్టతో మూశారు. లోపలి పల్లపు నేలలు ఆరి, నివాసయోగ్యం కావడం మొదలైంది. ఆ నేలల్లో గుడిసెలు వేసుకున్నవారే కామాటీలు. కామాటి అంటే తెలుగులో కూలీ, మట్టిపని చేసేవాడు. నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి వెళ్ళి, మట్టి మోసి, రాయి కొట్టి, నగరాన్ని కట్టిన శ్రామికులు వాళ్ళు. పేటకు వాళ్ళ పేరే నిలిచింది. కానీ ఈ పేట గురించి రాసేవారు చాలాచోట్ల "దేశంలోని ఇతర ప్రాంతాల కూలీలు" అని సరిపెడతారు. ఆ ఒక్క మాట దగ్గర తెలంగాణకు దారి మూసుకుపోతుంది.

ఆ కామాటీల్లో మేస్త్రీలై, కాంట్రాక్టర్లై ఎదిగినవారూ ఉన్నారు. 1873లో జోతిరావు ఫూలే సత్యశోధక సమాజాన్ని స్థాపించినప్పుడు, బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవారిలో వెంకు బాలోజీ కాళేవార్, నర్సింగరావు సాయబు వడ్నాల, రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి తెలుగువారున్నారు. మరాఠీ గ్రంథాల్లో వెంకు కాస్తా వ్యంకూ అవుతాడు. ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనుక వస్తుంది. ఇద్దరూ ఒకరేనని తెలియక ఇటు తెలుగు చరిత్రలోనూ లేక, అటు మరాఠీ చరిత్రలో తెలుగువాడిగానూ కనిపించక, వీళ్ళు అనాథ పేజీల్లా మిగిలిపోతారు.

మరో విషయం దాచకుండా చెప్పాలి. కామాటిపుర అనగానే లోకానికి గుర్తొచ్చేది వేశ్యావాటిక. అది అబద్ధం కాదు. బ్రిటిషువారి కాలం నుంచీ అక్కడ ఆ వ్యాపారం సాగింది. 1972లో నామ్‌దేవ్ ఢసాళ్ 'గోల్‌పిఠా' కవితల ద్వారా మరాఠీ సాహిత్యంలోకి వచ్చింది ఆ పరిసరాల బతుకే. ఆ గదుల్లోకి చేరిన ఆడవాళ్ళలో జోగినీ ఆచారం బలిపెట్టిన తెలుగు, కన్నడ పల్లెల పిల్లలూ ఉన్నారు. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టం చేయవలసి వచ్చింది. కనుక మన పరువు కోసం ఆ లింకును చెరిపివేయడం న్యాయం కాదు. వాళ్ళూ మన ఊళ్ళవాళ్ళే. అలాగే ఆ ఒక్క లింకే ఉంచి, మట్టి మోసినవాళ్ళను, బీడీలు చుట్టినవాళ్ళను, మిల్లుకు వెళ్ళిన నేతగాళ్ళను, రాత్రి బడిలో చదువుకున్నవాళ్ళను మరుగుపరచడమూ న్యాయం కాదు. రెండు దారులూ తెరిచి ఉంచినప్పుడే పేట మొత్తం కనిపిస్తుంది.

మరి ఈ దారులు ఎందుకు సులువుగా పడవు? వికీపీడియాలో ఒక కట్టుబాటు ఉంది. సొంత జ్ఞాపకం చాలదు, ప్రచురితమైన ఆధారం ఉండాలి. 1909లో ఎడ్వర్డ్స్ కూర్చిన బొంబాయి నగర గెజిటీరులో కామాటీల ప్రస్తావన ఉంది కాబట్టి అది పనికొస్తుంది. చాలులో తాత చెప్పిన కథ పనికిరాదు. ఈ కట్టుబాటు కఠినంగా తోచవచ్చు. కానీ అది లేకపోతే ఎవరి గొప్పలు వారు రాసుకుంటారు. అందుచేత కథ చెప్పే తాత పక్కన కూర్చుని రాసుకుని, దాన్ని ఏదో ఒక పత్రికలో, ఒక సంచికలో అచ్చువేయించడం మన వంతు పని. కులసంఘాల వార్షికోత్సవ సంచికలు, బడి స్వర్ణోత్సవ సంచికలు, గుడి కమిటీ లెక్కల పుస్తకాలు ఇంట్లో ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. వాటిలోనే మేస్త్రీల పేర్లు, చాళ్ళు కట్టిన సంవత్సరాలు ఉంటాయి. పైగా కామాటిపురలోని పాత ఇళ్ళు కూల్చి కొత్త భవనాలు కట్టాలని మహారాష్ట్ర ప్రభుత్వం సంకల్పించింది. గోడలు పోయాక గుర్తులు దొరకవు.

శ్రోతలారా! సరిహద్దున ఉండే మనకు ఒక సౌకర్యం ఉంది. పొద్దున సంతలో మరాఠీ మాట్లాడి, సాయంత్రం ఇంట్లో తెలుగు మాట్లాడతాం. వ్యంకూ అన్నా వెంకు అన్నా మనకు ఒకడే. హైదరాబాదులోనో, పుణెలోనో కూర్చున్న పండితుడు తడుముకునే చోట మనకు దారి తెలుసు. కొమర్రాజు వారికి నాగపూరు చదువు ఇచ్చినదాన్ని, మనకు మన ఊరే ఇచ్చింది. ఇంట్లో పిల్లల చేతిలో ఫోను ఉంది. తాత చేతిలో పాత సంచిక ఉంది. ఇద్దరూ ఒక్క సాయంత్రం కలిసి కూర్చుంటే ఒక ఎర్ర లింకు నీలంగా మారుతుంది.

అప్పుడు ఫాక్‌లాండ్ రోడ్డు పిల్లవాడిని ఎవరైనా "ఎక్కడుంటావు?" అని అడిగితే, పేట పేరు చెప్పి, "మా ముత్తాతల పేరు మీద వెలసిన పేట" అని కూడా అనగలుగుతాడు.