బడిలో శాంతిపాఠము

ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుండి 1580 వరకు గోలకొండను ఏలినాడు. తెలుగు కవులను ఆదరించిన ఆ ప్రభువును మనవారు మల్కిభరాముడని ప్రేమతో పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చినాడు. ఈ కథ బడిపిల్లలకు తప్పక చెప్పదగినది. కాని ఇది ఒక్కటే చెప్పిన చాలునా?

ఆయన కుమారుడు 1591లో వెలయించిన హైదరాబాదు నగరమున 1978 మొదలు మతకలహములు పలుమార్లు చెలరేగినవి. 1990 డిసెంబరులో నూరుమందికి పైగా అసువులు బాసినారు. కర్ఫ్యూ ఎత్తివేసిన పిదప దుకాణములు తెరచుకొన్నవి. కాని పలు కుటుంబములు తమవారున్న పేటలకు తరలిపోయినవి. పొరుగువానితో ఆడుకొనని బిడ్డకు వానిని గూర్చి తెలియజెప్పునది వదంతి ఒక్కటే.

హెన్రీ మార్టిన్ సంస్థ 1930లో లాహోరున స్థాపితమైనది. క్రైస్తవులు ఇస్లామును అధ్యయనము చేయుటకు ఏర్పడిన ఆ సంస్థ 1971లో హైదరాబాదునకు తరలివచ్చినది. 1990 నాటి అల్లర్ల తరువాత అది గ్రంథాలయపు గడప దాటి, పాతబస్తీలోని సుల్తాన్‌షాహీలో పనికి పూనుకొన్నది. పిల్లలకు చదువు, స్త్రీలకు వృత్తిశిక్షణ అందించిన ఆ పనికి ‘అమన్ శాంతి’ యని పేరు. మాటలు రెండు, అర్థమొక్కటి. నీతిబోధతో గాక నిత్యావసరములతో ఆరంభించుటయే అందలి మెలకువ.

ఉత్తర ఐర్లండులోను ఇట్టి ప్రయత్నమే జరిగినది. కాథలిక్కుల, ప్రొటెస్టెంట్ల పోరు సాగుచుండగనే, 1981లో బెల్ఫాస్టున ఇరువర్గముల బిడ్డలు 28 మందితో లాగన్ కళాశాల యను పాఠశాల తెరవబడినది. శాంతి ఒప్పందము 1998లో గాని కుదరలేదు. పెద్దలు సంతకము చేయుటకు 17 ఏండ్ల ముందే పిల్లలు ఒకే బల్లపై కూర్చున్నారు.

మన దేశమున 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము శాంతివిద్యకు ప్రాముఖ్యమిచ్చినది. శాంతి వేరొక పాఠ్యవిషయముగా గాక, అన్ని పాఠములలోను వ్యాపించవలెనని దాని ఆశయము. ఇది చరిత్ర పాఠమునకు మరింతగా వర్తించును. మల్కిభరాముని చెప్పి 1990ని దాచిన పాఠమును పిల్లలు నమ్మరు. ఇంటిలో వారు వేరు కథ వినియుందురు. 1990ని మాత్రమే చెప్పిన, పగ మిగులును. రెండును కలిపి చెప్పగల ఉపాధ్యాయుడే శాంతిని నేర్పగలడని మేము నమ్ముచున్నాము.

హైటెక్ సిటీ మేడలకు చేరువనున్న బోరబండ బస్తీలలో నేటికిని తెలుగు, ఉర్దూ రెండును వినబడుచున్నవి. పాఠము ఒక్కటే అల్లర్లను ఆపజాలదు. అయినను పొరుగింటి మిత్రుని పేరెరిగిన బాలుడు వదంతి విన్ననాడు, నమ్ముటకు ముందు వానినే అడుగును. ఆ ఒక్క ప్రశ్నకు వ్యవధి కల్పించుట బడి చేయగల మేలు.