ఒక లలితసంగీత బృందము

పదునారేండ్ల బాలుడు గిటారు చేతబట్టిన నాడే వాని చదువు చెడెనని నిశ్చయించు తండ్రులు మనలో నేటికిని గలరు. వారికొరకు మా నెల్లూరిసీమకు సంబంధించిన యొక చిన్న చరిత్రమును విన్నవింతును.

1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడి, నెల్లూరు మద్రాసునుండి వేరుపడెను. మద్రాసు నగర మెవరిదన్న వివాదమున తెలుగువారికిని తమిళులకును నాడు గలిగిన వైమనస్యము మన పెద్ద లెరిగినదే. కాని పాలన వేరయినంత మాత్రమున పాట వేరుపడలేదు. నెల్లూరిలో 1946లో హరికథకులగు సాంబమూర్తిగారికి జన్మించిన శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యముగారు ఇంజనీరింగు చదువు నిమిత్తము అనంతపురమును, పిదప మద్రాసును జేరిరి. 1964లో మద్రాసునందు ఔత్సాహిక గాయకుల పోటీలో ప్రథమ బహుమతి నందిరి. 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న’ చిత్రముతో వారి సినీగానము ప్రారంభమయ్యెను.

ఆ తొలినాళ్లలో వారు నడిపిన లలితసంగీత బృందమున, పన్నైపురమను తమిళగ్రామమునుండి వచ్చిన ముగ్గురు సోదరులు చేరిరి. ఇళయరాజా గిటారును, పిదప హార్మోనియమును వాయించెడివారు. వారి యన్న భాస్కరుగారు తాళవాద్యములను, తమ్ముడు గంగై అమరన్ గిటారును వాయించెడివారు. ఆ సోదరులు తమ పెద్దన్న వరదరాజన్ గారితో కమ్యూనిస్టు వేదికలపై పాడుచు పెరిగినవారు. హరికథకుని కుమారునికిని వీరికిని భాష వేరు, ఇంటి యాచారము వేరు. వారిని ఒక్క వేదికపై గూర్చినది పాటయే.

1976లో ‘అన్నక్కిళి’ చిత్రముతో ఇళయరాజా సంగీతదర్శకులైరి. 1983నాటి ‘సాగరసంగమము’నకు సంగీతమునకై ఆయనకును, గానమునకై బాలసుబ్రహ్మణ్యముగారికిని జాతీయ పురస్కారములు లభించెను.

ఆ కాలమున ముత్తుకూరునందు యౌవనమున అడుగిడుచున్న మాబోంట్లకు పెండ్లిపందిళ్ల లౌడుస్పీకరులును, టేపురికార్డరులును సంగీత పాఠశాలలయ్యెను. రాగముల పేరు లెరుగకయే రాగమును, గిటారును కంట జూడకయే దాని నాదమును గుర్తించుట నేర్చితిమి. స్వరకర్త తమిళుడా, గాయకుడు తెలుగువాడా యని విచారించుట మాకు తోచనేలేదు. పెద్దల తగవు మాకు వారసత్వముగా సంక్రమింపకపోవుటకు ఆ పాటలును ఒక కారణమని నా నమ్మకము.

బాలసుబ్రహ్మణ్యముగారు 2020 సెప్టెంబరు 25న దివంగతులైరి. పాటలు మాత్రము మన యిండ్లలో నిలిచియున్నవి.

చదువరులారా! పాట చదువునకు బదులుగాదు. నేనును అట్లనుట లేదు. కాని మీ వసారాలో మీ బాలుడు మరి నలుగురితో గూడి వాద్యములు మ్రోగించునపుడు, వారిని గదిమి పంపుటకు ముందు, ఆ నలుగురు ఏ యే యిండ్లనుండి వచ్చిరో చూడుడు. సభలలో మన ముపన్యసించు సహపంక్తి, సోదరభావము ఆ చాపమీద అప్పటికే ఆరంభమై యుండవచ్చును.