అదనపు ఫొటోలో నల్లచుక్క

2010. ఉత్తర కాలిఫోర్నియాలో కాటన్‌వుడ్ అనే చిన్న ఊరు. ఎవర్‌గ్రీన్ మిడిల్ స్కూల్లో ఏడో తరగతి పిల్లలు 16 మంది అంగారకుడి ఫొటోలను జల్లెడ పడుతున్నారు. అవి పుస్తకంలో అచ్చయిన బొమ్మలు కావు. మార్స్ ఒడిస్సీ నౌకలోని థెమిస్ కెమెరాతో తాము కోరిన చోట తీయించుకున్నవి. బడిపిల్లలకు ఆ వీలు కల్పించింది అరిజోనా స్టేట్ యూనివర్సిటీ.

అగ్నిపర్వతానికి లావా సొరంగాలు ఎక్కడ ఎక్కువగా ఉంటాయి? శిఖరం దగ్గరా, వాలులోనా, చుట్టూ ఉన్న మైదానంలోనా? ఇదీ వాళ్లు వేసుకున్న ప్రశ్న. అందుకే అంగారకుడి మీది పవోనిస్ మాన్స్ అనే మహా అగ్నిపర్వతాన్ని ఎంచుకున్నారు. ఒక ఫొటో అడిగారు, దానికి తోడుగా ఉంటుందని ఇంకొకటి కూడా అడిగారు.

రెండింటిలోనూ సొరంగాల జాడలు దొరికాయి. అడిగిన ప్రశ్నకు అవి చాలు. కానీ ఆ తోడు ఫొటోలో, పసిబిడ్డ బుగ్గన పెట్టిన దిష్టిచుక్కలా, గుండ్రంగా ఒక నల్లమచ్చ. ఉల్క పడి చేసిన గుంట అయితే చుట్టూ గట్టు లేచి ఉండాలి. ఇక్కడ నేల ఉన్నట్టుండి తెగిపోయింది. పిల్లల చూపు అక్కడే ఆగింది.

సంగతి అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్త గ్లెన్ కుషింగ్ దగ్గరికి వెళ్లింది. పక్కనే ఉన్న ఆర్సియా మాన్స్ మీద అలాంటి ఏడు బిలాలను 2007లో లోకానికి చెప్పిన బృందం ఆయనదే. పిల్లలు చూపించినది ఆయనకూ కొత్తదే.

మన బెలూం గుహలను నీరు తొలిచింది. లావా సొరంగాన్ని మలిచేది నిప్పు. పారే లావా పైపొర చల్లారి గట్టిపడుతుంది, లోపలిది కారిపోతుంది, బోలు మిగులుతుంది. ఎక్కడైనా కప్పు కూలితే ఇలాంటి నల్లచుక్క.

ఆ బోలు కోసం అంత ఆరాటం ఎందుకంటే, అంగారకుడికి భూమిలా అయస్కాంత కవచం లేదు. గాలి పీడనం మనదాంట్లో నూరో వంతు కూడా ఉండదు. 2012లో దిగిన క్యూరియాసిటీ రోవర్ అక్కడి నేల మీద రోజుకు సుమారు 0.67 మిల్లీసీవర్టుల రేడియేషన్‌ను కొలిచింది. భూమ్మీద ప్రకృతి నుంచి మనకు ఏడాదికి అందేది సగటున 2.4. అంటే మన ఏడాది మోతాదు అక్కడ నాలుగు రోజుల్లో తీరిపోతుంది. నెలల తరబడి ఉండాల్సిన మనిషిని కాపాడాలంటే తల మీద మీటర్ల మందాన రాయి కావాలి. అంత బరువును ఏ రాకెట్ మోసుకెళ్తుంది? సొరంగం దొరికితే ఆ కప్పు ముందే వేసి ఉన్నట్టు.

పిల్లల చుక్క కొలతలు తేలాయి: 190 మీటర్లు, 160 మీటర్లు. దాని పక్కన సొరంగం ఉందో లేదో ఆ ఫొటోలో తేలలేదు. లోతు మాత్రం కనీసం 115 మీటర్లు. కనీసం అని ఎందుకంటే, ఆ ఫొటోలో అడుగు నీడలోనే ఉండిపోయింది.