స్పీకరు కాళ్ళ కింద చరిత్ర

హైదరాబాదులో మా ఫ్లాటు మూడో అంతస్తు. పోయినేడు ముచ్చటపడి ఓ జత పెద్ద స్పీకర్లు కొన్నా, నేలమీద నిలబెట్టే రకం, ఒక్కోటీ 20 కిలోలు. వారం తిరక్కుండానే కింద ఫ్లాటు ఆయన వచ్చి, "పాటలు వినండి, నేనేం వద్దనను. కానీ రాత్రిళ్ళు మా మంచం అదురుతోందండీ" అన్నారు. చాలా మర్యాదగానే అన్నారు, అందుకే ఇంకా సిగ్గేసింది.

ఆఫీసులో ఆడియో పిచ్చి ఉన్న మిత్రుడికి చెప్తే, "ఐసొలేషన్ ఫీట్ వేసెయ్. బాస్ బిగుసుకుంటుంది, గొంతు ముందుకొస్తుంది" అని ఓ లింకు పంపాడు. ధర చూస్తే కళ్ళు తిరిగాయి. కాళ్ళ ఖరీదు స్పీకర్ల ఖరీదులో సగం! కొనేముందు అసలు ఈ రబ్బరు కాళ్ళు ఎవరి కోసం పుట్టాయో చూద్దామనిపించింది. వెతుకుతూ పోతే ఆ కథలో సగం మా ఊళ్ళలోనే దొరికింది.

మొదటి మజిలీ నందిగామ. మా తాతయ్య ఇంట్లో గోడ గూట్లో ఓ వాల్వు రేడియో ఉండేది. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక కొన్నది. అది మూలపడ్డాక, చిన్నప్పుడు దాని వెనక అట్ట ఊడదీసి చూశా. స్టేషన్లు తిప్పే కండెన్సరు బిగించిన చోట చిన్న చిన్న రబ్బరు బుషింగులు. అవెందుకో చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు. 1925లో జనరల్ ఎలక్ట్రిక్‌లో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఇప్పుడు మనం వాడే రకం స్పీకరుకి రూపం ఇచ్చారు. తర్వాత ఆ స్పీకరూ, వాల్వులూ, కండెన్సరూ అన్నీ ఒకే పెట్టెలోకి వచ్చేశాయి. స్పీకరు అదిరితే కండెన్సరు రేకులు అదురుతాయి. ఆ అదురు మళ్ళీ స్పీకర్లోంచే బయటికొస్తుంది. అప్పుడు రేకులు ఇంకా అదురుతాయి. చివరికి రేడియో కూత పెడుతుంది. అంటే మన ఫీడ్‌బ్యాక్ లూపే. దాన్ని తెంచేది ఆ పావలా రబ్బరు. అంటే మొదట్లో రబ్బరు ఉన్నది యంత్రాన్ని దాని స్పీకరు నుంచి కాపాడటానికి.

రెండో దశ రికార్డు ప్లేయరు. సూది పనే అదురుని చదవడం. అది పాటదా, నేలదా అన్న తేడా దానికి తెలీదు. అమెరికాలో ఎకూస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టిన ఎడ్గార్ విల్చర్ 1961లో తెచ్చిన టర్న్‌టేబుల్లో పళ్ళేన్నీ, సూది చేతినీ కలిపి ఒకే చట్రం మీద పెట్టి, ఆ చట్రాన్ని స్ప్రింగుల మీద నిలబెట్టాడు. పక్కన ఎవరు నడిచినా సూది ఎగరదు. ఇక్కడ కాపాడేది సూదిని.

ఇప్పుడు జగ్గయ్యపేట వద్దాం. అక్కడ మా పిన్ని వాళ్ళింట్లో మూతలోనే స్పీకరుండే రికార్డు ప్లేయరు ఉండేది. స్ప్రింగులూ లేవు, పాడూ లేదు. సెలవుల్లో మేం పిల్లలం దాని చుట్టూ గెంతుతున్నా పాట ఎగిరేది కాదు. ఆ గొప్ప మిషనుది కాదు, నేలది. మట్టి దిమ్మిస కొట్టి దానిమీద పరిచిన నాపరాళ్ళు. కింద భూమే. మనిషి గెంతితే భూమి ఎందుకు అదురుతుంది?

ఆ రాయికి పెద్ద చరిత్రే ఉంది. జగ్గయ్యపేట చుట్టుపక్కల నేల కింద సున్నపురాయి బోలెడు. ఊరి పక్క ధనంబోడు మీద ఉన్న బౌద్ధ స్తూపానికి తొడిగిన పలకలూ సున్నపురాయే. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని తవ్వించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ ఏట సిద్ధార్థుడనే శిల్పి ఐదు ఆయక స్తంభాలు తనే దానమిచ్చాడని అక్కడ శాసనం దొరికింది. రాతిని భూమ్మీద కుదురుగా నిలబెట్టడం మావాళ్ళకి అప్పటి నుంచీ తెలుసు.

తర్వాత అదే సున్నపురాయి సిమెంటు ఫ్యాక్టరీలకి పోయింది. పలకగా భూమిని అంటిపెట్టుకుని ఉండే రాయి, పొడై, కాంక్రీటు శ్లాబై, గాల్లో స్తంభాల మీదకెక్కింది. మనమూ దానితోపాటే ఎక్కాం. నా నేల ఇప్పుడు ఇంకొకరి కప్పు. ఈ ఒక్క మార్పుతో స్పీకరు కాళ్ళ లెక్క మొత్తం మారిపోయింది.

ఇక మేకుల సంగతి. 1970లు, 80లలో బ్రిటన్‌లో స్పీకరు కింద మొనదేలిన ఇనప మేకులు పెట్టడం పెద్ద ఫ్యాషనైంది. వాళ్ళ ఇళ్ళలో చెక్క దూలాలు, వాటిమీద పలకలు, పైన తివాచీ. మేకు తివాచీని చీల్చుకుని గట్టి పలకని పట్టుకుంటే పెట్టె ఊగదు. అక్కడికది సబబే. కానీ మేకు అదురుని ఆపదు, నేలలోకి ఇంకా చక్కగా దించుతుంది. ఆ సలహా పడవెక్కి మన దగ్గరికొచ్చింది గానీ, దానితోపాటు తివాచీ, చెక్క నేల రాలేదు. నాపరాయి మీద మేకు పెడితే రాయి పెచ్చు లేస్తుంది, అంతే. వేరే సర్వర్ కాన్ఫిగరేషన్ ఫైలు తెచ్చి మన దగ్గర కాపీ కొట్టినట్టు :)

మరి మెత్తటి కాళ్ళు? వాటి లెక్క చాలా సులువు. స్పీకరు పెట్టాక రబ్బరు ఎన్ని మిల్లీమీటర్లు అణిగిందో చూడండి. 15.8ని ఆ అంకె వర్గమూలంతో భాగిస్తే దాని సహజ పౌనఃపున్యం సుమారుగా వస్తుంది. 1 మి.మీ. అణిగితే దాదాపు 16 హెర్ట్జ్, 2.5 అణిగితే 10. నిజం రబ్బరుకి ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. ఆ పౌనఃపున్యానికి 1.4 రెట్లు దాటాకే అదురు తగ్గడం మొదలవుతుంది. దాని దగ్గర్లో అయితే తగ్గకపోగా పెరుగుతుంది కూడా. అంటే అసలు అణగని రబ్బరు దండగ. నేను మొదట వాషింగ్ మిషను కింద వేసే ప్యాడ్లు తెచ్చి ఇలాగే బోల్తా పడ్డా. అవి 60, 70 కిలోల మిషను కోసం చేసినవి. నా 20 కిలోల పెట్టె కింద రాళ్ళలా ఉండిపోయాయి. కాబట్టి బ్రాండు కన్నా ముందు చూడాల్సింది, ఒక్కో కాలు ఎంత బరువుకి తయారైందన్నది. నాలుగు కాళ్ళయితే నాకు కావాల్సింది 5 కిలోలది. మరీ మెత్తనైతే పొడుగు స్పీకరు ఊగుతుంది, ఇంట్లో పిల్లలుంటే ప్రమాదం.

చివరికి బరువుకి తగ్గ మామూలు రబ్బరు కాళ్ళే తెచ్చా. 2 మి.మీ. పైనే అణిగాయి. నా కుర్చీలో కూర్చుని వింటే తేడా ఉందా అంటే, ఉందేమో అనిపించింది. మా ఆవిడ చేత నాకు చెప్పకుండా తీయించి, పెట్టించి మళ్ళీ విన్నా. పదిసార్లలో ఐదుసార్లు తప్పు చెప్పా. ఇప్పుడు పాట ఫోన్లోంచి వస్తోంది, కాపాడటానికి సూదీ లేదు, కండెన్సరూ లేదు.

తర్వాత కిందకెళ్ళి, "ఓ పది నిమిషాలు మీ పడగ్గదిలో కూర్చోవచ్చాండీ" అని అడిగా. పైన మా ఆవిడ పాట పెట్టింది. మంచం మీద చెయ్యి వేసి చూశా, కదలట్లేదు. పాట మాత్రం సన్నగా వినపడుతూనే ఉంది, గాల్లో వచ్చే శబ్దాన్ని ఏ కాళ్ళూ ఆపలేవు. ఆయన నవ్వి, "ఇది ఘంటసాల కదా, ఉంచండి. పదింటికి తగ్గిస్తే చాలు" అన్నారు.

మీరూ కాళ్ళు కొనేటప్పుడు చెవిని కాదు, నేలని అడగండి. భూమ్మీద ఇల్లయితే డబ్బు దాచుకోండి. కింద ఇంకో ఇల్లుంటే కొనండి, కానీ అవి మీకోసం కాదని గుర్తుంచుకుని కొనండి.