‘పోయింది’, ‘తీయించుకుంది’: గర్భస్రావ కళంకం, తెలుగు పలుకుబడి, వైద్య సిబ్బంది శిక్షణ – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

హైదరాబాద్ ఉత్తర పొలిమేరలో, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాకు చెందిన జవహర్‌నగర్ నగరపు చెత్త చేరే చోటుగా అందరికీ తెలిసిన ఊరు. చెత్త ఏరి వేరుచేసేవారు, భవన నిర్మాణ కూలీలు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు, పొరుగు జిల్లాల నుంచీ రాష్ట్రాల నుంచీ వలస వచ్చిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. 2019లో అది మున్సిపల్ కార్పొరేషన్ అయింది. అలాంటి చోట నివసించే స్త్రీ ఒక గర్భాన్ని వద్దనుకున్నప్పుడు ఆస్పత్రి ఎంత దూరమన్న ప్రశ్న ఒక్కటే ఆమెను ఆపదు. అక్కడికి వెళ్లి ఏ మాటతో అడగాలి, విన్నవారు ఏ మాటతో బదులిస్తారు అన్న ప్రశ్న కూడా ఆపుతుంది. గర్భస్రావ వైద్యం చుట్టూ ఉన్న కళంకాన్ని తగ్గించడానికి వైద్య సిబ్బందికి ఇచ్చే శిక్షణ ఈ రెండో ప్రశ్నకు సంబంధించినది. ఆ శిక్షణ తెలుగు నేలపై ఫలించాలంటే తెలుగు మాటలో కళంకం ఎలా పేరుకుందో, దాన్ని తొలగించే ప్రయత్నం తెలుగులో ఎప్పుడు మొదలైందో తెలియాలి. ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

మాటల్లో నేరం

ప్రాచీన వైద్యం గర్భనష్టాన్ని కాలాన్ని బట్టి విభజించింది. నాలుగో నెల వరకు జరిగేది స్రావం, పిండం గట్టిపడిన తరువాత ఐదు, ఆరు నెలల్లో జరిగేది పాతం. ఈ విభజనలో నిందలేదు, శరీరస్థితి వర్ణన మాత్రమే ఉంది. ధర్మశాస్త్రాల నుంచి వచ్చిన ‘భ్రూణహత్య’ అన్న మాట అలాంటిది కాదు. అందులో పాపమూ తీర్పూ కలిసే ఉన్నాయి. గ్రాంథిక భాషలో ఈ రెండు వరుసల మాటలూ నిలిచాయి. మొదటిది వైద్యుల నోట మిగిలిపోగా, రెండోది లోకం నోట నాటుకుంది.

వాడుక తెలుగు మరో దారిన నడిచింది. ‘కడుపు పోయింది’, ‘గర్భం జారింది’ అన్నప్పుడు క్రియ అకర్మకం. జరిగినదానికి కర్త లేదు, కనుక నిందించవలసిన మనిషీ లేదు. ‘కడుపు తీయించుకుంది’ అన్నప్పుడు ప్రేరణార్థకమైన ‘ఇంచు’, ఆత్మార్థకమైన ‘కొను’ రెండూ చేరతాయి. చేయించినది ఆమే, తనకోసం చేయించుకున్నదీ ఆమే అని వ్యాకరణమే చెబుతుంది. నింద ఈ ప్రత్యయాలను ఆశ్రయించుకొని ఉంటుంది. ఇంగ్లిషు నుంచి వచ్చిన మాట కూడా ఈ కట్టుబాటుకే లోబడింది. ‘అబార్షన్ అయింది’ అంటే జాలి, ‘అబార్షన్ చేయించుకుంది’ అంటే అనుమానం. తాను కోరి చేయించుకున్న స్త్రీ ‘పోయింది’ అన్న మాట చాటున దాక్కోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ చాటు వైద్యుని ముందు కూడా కొనసాగితే, మింగిన మాత్ర ఏదో, ఎన్ని రోజులైందో చెప్పని రోగిగా ఆమె మిగిలిపోతుంది. రక్తస్రావం ఆగని స్థితిలో ఆ మౌనం ప్రాణాపాయమవుతుంది.

సంస్కరణ యుగపు వైరుధ్యం

1860 నాటి భారత శిక్షాస్మృతి 312వ సెక్షన్ గర్భస్రావం చేయించడాన్ని నేరం చేసింది. తన గర్భాన్ని తానే తొలగించుకున్న స్త్రీని కూడా ఆ నేరపరిధిలోకి తెచ్చింది. ధర్మశాస్త్రపు పాపానికి వలస ప్రభుత్వపు శిక్ష తోడైంది. ఈ రెంటి భారం ఎక్కువగా మోసినది వితంతువు. 1881లో సూరత్‌లో ఒక వితంతువు శిశుహత్యా నేరంపై శిక్షకు గురైనప్పుడు చెలరేగిన చర్చకు బదులుగానే తారాబాయి షిండే మరాఠీలో ‘స్త్రీ పురుష తులన’ రాసి 1882లో ప్రచురించింది. స్త్రీని పతనం చేసిన పురుషుడు ఎక్కడ అన్నది ఆమె ప్రశ్న.

అదే 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించాడు. వితంతు వివాహ నిషేధం వల్ల రహస్య గర్భాలు, భ్రూణహత్యలు పెరుగుతున్నాయన్నది బెంగాల్‌లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ నాటినుంచి సంస్కర్తల ప్రధాన వాదాల్లో ఒకటి. తెలుగు సంస్కరణోద్యమమూ దాన్ని స్వీకరించింది. ఆ వాదం వితంతువుకు మేలు చేసింది, పునర్వివాహానికి దారి తెరిచింది. కానీ దాని బలమంతా ‘హత్య’ అన్న మాట పుట్టించే జుగుప్స మీదే ఆధారపడింది. వితంతువును విడిపించడానికి గర్భస్రావపు నిందను మరింత పదునుపెట్టవలసి వచ్చింది. సంస్కరణ యుగం మిగిల్చిన వైరుధ్యం ఇది. గురజాడ ‘కన్యాశుల్కం’లో రామప్పంతులు తప్పించుకు తిరుగుతుంటే అపకీర్తి మీనాక్షికే దక్కడం, చలం ‘మైదానం’లో రాజేశ్వరి గర్భం అమీర్‌తో ఆమె బంధానికే పరీక్ష కావడం ఈ భారం సాహిత్యంలో ఎవరి మీద పడిందో సూచిస్తాయి.

చట్టం మార్చినది, మార్చనిది

1964లో కేంద్ర ప్రభుత్వం శాంతిలాల్ షా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. అది 1966లో నివేదిక ఇచ్చింది. దాని పర్యవసానంగా 1971లో వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం వెలువడి, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఈ చట్టం శిక్షాస్మృతిలోని నేరాన్ని రద్దు చేయలేదు. నిర్ణీత షరతులకు లోబడి పనిచేసిన నమోదిత వైద్యునికి ఆ నేరం నుంచి మినహాయింపునిచ్చింది. స్త్రీ హక్కుగా కాక వైద్యుని రక్షణగా రూపొందిన ఈ చట్టంలో గర్భనిరోధక సాధనం విఫలమైన సందర్భం ‘వివాహిత స్త్రీ లేదా ఆమె భర్త’కు పరిమితమైంది.

ఆ మాటలు మారడానికి అర్ధశతాబ్దం పట్టింది. 2021 సవరణ ‘వివాహిత స్త్రీ’ స్థానంలో ‘స్త్రీ’ని, ‘భర్త’ స్థానంలో ‘భాగస్వామి’ని చేర్చింది. 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం చాలునని, నిర్దేశిత వర్గాల స్త్రీలకు 24 వారాల వరకు ఇద్దరి అభిప్రాయం కావాలని పేర్కొంది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు అవివాహిత స్త్రీకీ ఆ 24 వారాల అవకాశం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. 18 ఏళ్లు నిండి, మానసిక అస్వస్థత లేని స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలన్నది మాత్రం 1971 నుంచీ చట్టంలో ఉన్నదే. అయినా ‘మీ ఆయన సంతకం తీసుకురా’ అన్న మాట ఆస్పత్రి కిటికీ వద్ద నేటికీ వినబడుతుందంటే, ఆ షరతు చట్టం నుంచి వచ్చినది కాదు, కళంకం నుంచి వచ్చినది.

1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టం తరువాత మరో చిక్కు వచ్చింది. ఆడపిండాలను ఎంచి తొలగించడాన్ని ఆపడానికి గోడల మీదకెక్కిన ‘భ్రూణహత్య నేరం’ అన్న నినాదం, గర్భస్రావమంతా నేరమేనన్న భావనను బలపరిచింది. నిషేధించినది లింగ నిర్ధారణను. నినాదం నిందించినది గర్భస్రావాన్ని. సంస్కరణ యుగపు వైరుధ్యం శతాబ్దం తరువాత కొత్త వేషంలో తిరిగి వచ్చింది.

తెలుగులో తొలి విముక్తి యత్నం

కళంకాన్ని తగ్గించే పని తెలుగులో శిక్షణ శిబిరాల కంటే ముందే మొదలైంది. 1978లో హైదరాబాద్‌లో ఏర్పడిన స్త్రీశక్తి సంఘటన ఇందుకు పునాది వేసింది. 1985లో పటాన్‌చెరులో నెట్‌ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పరీక్షించే కార్యక్రమానికి స్త్రీలను పిలిచినప్పుడు, అది ప్రయోగమన్న సంగతి వారికి సరిగా చెప్పలేదని సంఘటన సభ్యులు గుర్తించారు. మరుసటి ఏడాది ఇతర సంస్థలతో కలిసి సుప్రీంకోర్టును ఆశ్రయించారు. నగరపు పారిశ్రామిక పొలిమేరలోని పేద స్త్రీకి తన శరీరం గురించి తన భాషలో తెలియజెప్పాలన్న పట్టుదల ఆ పోరాటంలో కనిపిస్తుంది. అదే పట్టుదల ‘సవాలక్ష సందేహాలు’ అన్న ఆరోగ్య గ్రంథంగా రూపుదాల్చింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన ఈ పుస్తకం పేరులోనే ఒక వైఖరి ఉంది. స్త్రీ అడిగేది తప్పు కాదు, సందేహం. దానికి తీర్పు అక్కరలేదు, జవాబు కావాలి.

కవిత్వం కూడా ఇదే కాలంలో నోరు విప్పింది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన ‘నీలిమేఘాలు’ తరం కవయిత్రులు ప్రసవాన్ని, గర్భస్రావాన్ని కవితావస్తువులు చేశారు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ అన్న శీర్షికలు చాలు. ‘స్టేట్‌మెంట్’ అన్నది పోలీసు ఠాణాకు, న్యాయస్థానానికి చెందిన మాట. నిందితురాలిగా నిలబెట్టిన స్త్రీ ఆ మాటనే అందుకొని తన వాంగ్మూలం తానే ఇస్తుందన్న సూచన ఆ శీర్షికలో ఉంది. ‘పోయింది’ చాటు నుంచి ‘తీయించుకుంది’ అన్న బాధ్యతలోకి తలెత్తుకొని రావడం తెలుగులో ఇక్కడ సాధ్యమైంది.

శిక్షణ శిబిరం: పద్ధతి, పరిమితి

ప్రపంచవ్యాప్తంగా నేడు వాడుకలో ఉన్న శిక్షణకు ‘విలువల స్పష్టీకరణ’ అని పేరు. 1960ల్లో అమెరికా విద్యారంగంలో పుట్టిన ఈ పద్ధతిని, 1996లో గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసిన దక్షిణాఫ్రికాలో ఆరోగ్య సిబ్బందిని సిద్ధం చేయడానికి ఉపయోగించారు. 2008లో ఐపాస్ సంస్థ దానిని అభ్యాసాల సంపుటిగా వెలువరించింది.

ఇందులోని ‘నాలుగు మూలలు’ అనే అభ్యాసం ప్రసిద్ధం. పేరు రాయని పత్రంపై ప్రతి ఒక్కరూ తమ అభిప్రాయం గుర్తించి, ఆ పత్రాలను కలిపి తిరిగి పంచుకుంటారు. చేతికి వచ్చిన పత్రంలో ఏముందో దాని ప్రకారం గదిలో ఒక మూలకు చేరి, తనది కాని ఆ అభిప్రాయాన్ని సమర్థిస్తూ మాట్లాడాలి. ‘ఆమె ఎందుకు చనిపోయింది?’ అన్న అభ్యాసంలో ఒక స్త్రీ మరణకథను విని, ఆ మరణానికి దారితీసిన ఒక్కొక్క నిరాకరణను గుర్తించాలి. విశ్వాసాన్ని మార్చుకోమని శిక్షణ అడగదు. సొంత విశ్వాసానికీ వృత్తిధర్మానికీ మధ్య గీత ఎక్కడుందో చూసుకోమంటుంది.

ఈ అభ్యాసాల అవసరాన్ని మందుల దుకాణం మరింత పెంచింది. గర్భస్రావానికి వాడే మిఫెప్రిస్టోన్‌కు భారతదేశంలో 2002లో అనుమతి లభించింది. 2015లో దేశంలో 1.56 కోట్ల గర్భస్రావాలు జరిగాయని, వాటిలో 73 శాతం ఆరోగ్య కేంద్రాల వెలుపల మాత్రల ద్వారా జరిగాయని ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. మాత్ర వల్ల ప్రమాదం బాగా తగ్గినా, ఏదైనా తేడా వచ్చినప్పుడు నిర్భయంగా చెప్పుకొనే చోటు కావాలి. జవహర్‌నగర్ వంటి బస్తీలో ఆ చోటు ఆశా కార్యకర్త గడప, ఏఎన్ఎం ముందున్న బల్ల, మందుల దుకాణపు కౌంటరు. వైద్యునికి మాత్రమే పరిమితమయ్యే శిక్షణ అక్కడిదాకా చేరదు. ఆశా కార్యకర్త అదే బస్తీ మనిషి కావడం మరొక చిక్కు. ఆమెకు చెబితే వాడకట్టంతా తెలుస్తుందన్న భయం ఉంటుంది. గోప్యత కాపాడకపోవడాన్ని 2021 సవరణ శిక్షార్హం చేసింది, కానీ ఆ భరోసాను బస్తీకి చేర్చవలసినది మాటే.

ముగింపు

ఇక్కడ పరిశీలించిన చరిత్ర నుంచి మూడు అంశాలు తేలుతాయి. ఒకటి, తెలుగులో గర్భస్రావ కళంకం ఒక్క మూలం నుంచి రాలేదు. ధర్మశాస్త్రం, వలస చట్టం, సంస్కరణ వాదం, లింగనిర్ధారణ వ్యతిరేక ప్రచారం ఒక్కొక్క పొరగా దాన్ని పేర్చాయి. చివరి రెండూ స్త్రీ మేలు కోరినవే కావడం గమనించదగినది. రెండు, ఆ పొరలను విప్పే పనిని తెలుగు స్త్రీవాద ఆరోగ్య రచన, కవిత్వం ఇప్పటికే ఆరంభించాయి. శిక్షణ రూపొందించేవారు దిగుమతి అభ్యాసాలతో పాటు ఈ వారసత్వాన్నీ అందుకోవాలి. మూడు, తెలుగు శిబిరంలో తొలి అభ్యాసం మాటల జాబితా కావడం సముచితం. ‘భ్రూణహత్య’, ‘పోయింది’, ‘తీయించుకుంది’, ‘గర్భస్రావం’ అన్న మాటలను పలకమీద రాసి, ఒక్కొక్కటి ఎవరిని దోషిగా నిలబెడుతుందో సిబ్బంది చర్చించాలి. ‘పెళ్లయిందా?’ అన్న తొలి ప్రశ్న స్థానంలో ‘చివరిసారి బహిష్టు ఎప్పుడైంది?’ అన్న ప్రశ్న వచ్చిన రోజు, మింగిన మాత్ర పేరు చెప్పడానికి జవహర్‌నగర్ స్త్రీ తడబడదు. శిక్షణ ఫలితానికి నమ్మదగిన కొలమానం అదే.