బీరారు అప్పగింత: సంధిలో లేని సైన్యం, తీరని బాకీ

1800 అక్టోబరు 12 నాటి సంధితో, కంపెనీ సహాయక సైన్యం ఖర్చుకు ప్రతిగా బళ్లారి, కడప ప్రాంతాలను నిజాం అలీఖాన్ శాశ్వతంగా వదులుకున్నాడు. లెక్క అంతటితో తీరవలసింది. కాని రెసిడెంటు హెన్రీ రస్సెల్ కాలంలో బ్రిటిషు అధికారుల కింద రూపొందిన మరో దళం, అనంతర కాలపు ‘కంటింజెంటు’, జీతభత్యాలు కూడా నిజాం ఖజానాపైనే పడ్డాయి. శాంతికాలంలో దీనిని పోషించే బాధ్యత సంధిలో లేదని స్వయంగా డల్హౌసీయే అంగీకరించాడు. బాకీని మాత్రం వదలలేదు. 1853 మే 21న నాసిరుద్దౌలా బీరారు, రాయచూరు, ధారాశివ్ ప్రాంతాల పాలనను కంపెనీకి అప్పగించాడు. సార్వభౌమాధికారం పేరుకు నిజాందే. పాత సంధి విధించని ఖర్చు ఈ విధంగా కొత్త సంధితో చట్టబద్ధమైంది. 1860లో రాయచూరు, ధారాశివ్ తిరిగివచ్చాయి, బీరారు రాలేదు. 1902లో కర్జన్ దానిని ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా మార్పించాడు.